తొలితలపు తరవాత

తేనెగెడ్డ జలాశయం కంట్రోల్ రూములో ఆ ఉదయం కుర్చీలు చాలలేదు. రాజధాని నుంచి వచ్చిన అధికారులు, ఇద్దరు విలేకరులు, విశాఖపట్నం ప్రయోగశాల మనుషులు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. తెరల ముందు హైమావతి ఒక్కతే కూర్చుంది. ఆ జలాశయానికి ఆమె ఇంజనీరు. ఈతగాళ్ళు పెట్టుకునేలాంటి పల్చటి నల్ల టోపీ ఆమె తలకు బిగించి ఉంది. దాని లోపల కందిగింజలంత లోహపు బొత్తాలు చల్లగా మాడుకు తగులుతున్నాయి.

ఆ టోపీ పేరు తొలితలపు. దాన్ని తయారుచేసినవాడు ఆమె భర్త గోవర్ధన్.

గోవర్ధన్ చదువుకునే రోజుల్లో పక్క ఏటి మీద ఒక మట్టికట్ట తెగి ఊరు ఊరంతా కొట్టుకుపోయింది. గేట్లు ఎత్తాలా వద్దా అని అక్కడి ఇంజనీరు ఫోన్ల మీద ఫోన్లు చేస్తూ ఉండగానే నీళ్ళు కట్ట మీంచి దూకాయి. బురదలోంచి శవాలు తీసిన కుర్రాళ్ళలో గోవర్ధన్ ఒకడు. అప్పటి నుంచి తటపటాయింపు అంటే అతనికి పగ. మెదడు శాస్త్రం చదివాడు. చేయి తిరిగిన డాక్టర్లను, పైలట్లను, ఇంజనీర్లను కూర్చోబెట్టి ఏళ్ళ తరబడి పరీక్షలు చేశాడు. పరిస్థితిని చూసిన మొదటి క్షణంలోనే వాళ్ళ మెదడులో ఒక తీర్మానం మెరుస్తోంది. అరగంట తర్జనభర్జన పడి, చివరికి చాలామంది ఆ తీర్మానానికే వస్తున్నారు.

"మరి ఆ అరగంట ఎవరి కోసం?" అనేవాడు గోవర్ధన్. "ఆ అరగంటలోనే ఊళ్ళు పోతున్నాయి."

తొలితలపు ఆ మెరుపును పట్టుకుని నేరుగా గేట్ల మోటార్లకు అందిస్తుంది. మనిషి చెయ్యెత్తక్కర్లేదు, నోరు విప్పక్కర్లేదు.

ఆ రోజు అనుకున్నది చిన్న పరీక్షే. ఐదు గేట్లకూ టోపీని కలిపి ఉంచినా, ఒక గేటును జానెడు ఎత్తి దించి చూపించాలి. కానీ పైన కొండల్లో తెల్లవారేసరికే వాన పట్టుకుంది. పొద్దున్నే హైమావతికి మరిది సన్యాసి ఫోను చేశాడు. జలాశయం కింద, ఆ వైపు గెడ్డ అనే ఏటి ఒడ్డున, గుమ్మడివలసలో ఉంటాడు.

"వదినా, గెడ్డలో నా నీల్లు తోడే ఇంజను ఉండిపోనాది. మీద వాన సూత్తే భయమేస్తంది. దాన్ని గట్టెక్కించీసి నీకు ఫోను సేత్తాను. అందాక గేట్లు ఎత్తీకండి."

"సరే, నీ ఫోను వచ్చేదాకా ఎత్తం. తొందరగా కానీ" అంది హైమావతి.

ఆమె ఎప్పుడూ పాటించే వరస ఒకటుంది. ముందు కింది ఊళ్ళకు ఫోన్లు, తరవాత సైరన్, ఆ తరవాత కాసేపు ఆగి గేట్లు. కొత్తలో ఒక ముసలి ఇంజనీరు నేర్పిన పద్ధతి. చేసి చేసి అది ఆమె చేతులకు అలవాటైపోయింది.

తెర మీద నీటిమట్టం చూపే ఎర్రగీత ఒక్కసారిగా నిలువుగా లేచింది. హైమావతి దాన్ని చూసింది. అంతే.

కాళ్ళ కింద నేల కంపించింది. ఐదు గేట్లూ ఒకేసారి మూలుగుతూ పైకి లేచాయి. సైరన్, నీళ్ళ హోరు కలిసే వినిపించాయి. వెనక నుంచి చప్పట్లు మోగాయి. "అద్భుతం! అరగంట పని అరక్షణంలో!" అని ఎవరో అరిచారు.

హైమావతి తన చేతుల వంక చూసుకుంది. అవి ఒళ్ళోనే ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చాడు సన్యాసి.

"దించండి! దించెయ్యండి! గెడ్డలో మనిషున్నాడు!"

చప్పట్లు ఆగడానికి కాసేపు పట్టింది. ఆమె పై అధికారి, ఈఈ ధర్మలింగం ఆమె ఏమంటోందో మళ్ళీ అడిగాడు. గేట్లు తిరిగి మనుషుల చేతికి రావాలంటే టోపీ తీసి, రెండు తాళాలు తిప్పి, మోటార్లు ఆగేదాకా చూడాలి. గోవర్ధన్ తాళాలతో పరుగెత్తాడు. గేట్లు దిగాయి. కానీ అప్పటికే విడిచిన నీళ్ళు గోడలా లేచి వంపు తిరిగి వెళ్ళిపోయాయి.

హైమావతి ఫోను తీసి సన్యాసికి చేసింది. మోగుతూనే ఉంది. మోగుతున్నంతసేపూ బతికే ఉన్నాడనుకుంది. కాసేపటికి అదీ ఆగిపోయింది.

సన్యాసి మర్నాడు కింద రెల్లుపొదల్లో దొరికాడు. ఇంజనుకు కట్టిన తాడు ఇంకా అతని భుజానికి చుట్టుకునే ఉంది.

గుమ్మడివలసలో ఇంటి ముందు జనం నిండిపోయారు. సన్యాసి భార్య నూకాలు గోడకు చేరబడి కూర్చుంది. ఒళ్ళో ఇంకా పాలు మానని ఆడపిల్ల. హైమావతి వచ్చి ఎదురుగా కూలబడింది. తోటికోడళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఏడవడానికి కూడా ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా, ఆ మొదలు ఇద్దరికీ దొరకలేదు.

"అప్పా" అంది నూకాలు చివరికి, ఎప్పుడూ అక్కను పిలిచే పిలుపుతోనే. "నివ్వే నొక్కినావా?"

"నేను నొక్కలేదు నూకాలూ."

"మరెవులు నొక్కినారు?"

హైమావతి నోరు తెరిచింది. టోపీ అనాలా? గోవర్ధన్ అనాలా? గేట్లు ఎత్తాలన్న మాట పుట్టింది తన తలలోనే. అది పుట్టినప్పుడు తను అక్కడ లేదు. ఉందా? ఆమెకు అర్థం కాలేదు.

"నాకు తెలీదు" అంది.

"ఎవులూ నొక్కకుండా గేట్లు ఎలగ లేస్తాయి అప్పా?" నూకాలు గొంతులో కోపం కూడా లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అదే హైమావతి భరించలేకపోయింది.

విచారణ సంఘం వచ్చింది, వెళ్ళింది. వరద సమయంలో గెడ్డలోకి దిగడం మృతుడి తప్పిదమని, పరికరం సక్రమంగా పనిచేసిందని, కట్టకు ముప్పు తప్పిందని తేల్చింది. వచ్చే వానల్లోగా మిగతా జలాశయాల్లో కూడా తొలితలపు పెట్టాలని సిఫారసు చేసింది.

"నిన్నెవరూ తప్పుపట్టలేదమ్మా" అని ధర్మలింగం స్వయంగా క్వార్టర్సుకు వచ్చి చెప్పాడు. పెద్దమనిషి, ఓదార్పుగానే చెప్పాడు. "నువ్వు ఏమీ చెయ్యలేదని రాశారు."

"అదే కదా సార్" అంది హైమావతి.

ఆ తరవాత ఆమెకు చిన్న పనులు కూడా చేతకాకుండా పోయాయి. పప్పులో ఉప్పు వెయ్యబోయి చెంచా గాల్లో పట్టుకుని నిలబడిపోయేది. వెయ్యమన్నది ఎవరు? తనేనా? వేశాక తీయగలదా? పప్పు మాడి పొగ వచ్చేది. బజారులో రోడ్డు దాటాలంటే కాలు కదిలేది కాదు. లారీలు పోయేవి, రోడ్డు ఖాళీ అయ్యేది, మళ్ళీ లారీలు వచ్చేవి. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని దాటించేవారు.

"నా తలలోకి వచ్చిన మొదటి మాటే మనిషిని చంపేసింది" అంది ఒకరోజు భర్తతో. "ఇంక ఏ మాటని రానివ్వను?"

గోవర్ధన్ పళ్ళెం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. తమ్ముడు పోయాక అతను ఇంట్లో తిన్న భోజనం లెక్క పెట్టుకోవచ్చు. విశాఖ ప్రయోగశాలలోనే పడుకునేవాడు. టోపీలు చేస్తూనే ఉన్నాడు. ఆపితే తమ్ముడు ఉత్తినే పోయినట్టవుతుందని అతని భయం. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఆమె అడగలేదు.

ఒక మధ్యాహ్నం హైమావతి ఒంటరిగా బస్సెక్కి ప్రయోగశాలకు వచ్చింది. బస్సు ఎక్కడానికే ఆమె ఎంత యుద్ధం చేసిందో ముఖం చూస్తే తెలుస్తోంది.

"నాకు టోపీ పెట్టండి" అంది. "ఆ రోజు తెరల మీద ఏమేం కనిపించాయో అన్నీ అలాగే వెయ్యండి. నాలో ఎవరు ఆ గేట్లు ఎత్తారో నాకు చూపించండి."

"హైమా, వద్దు. నీ ఒంట్లో బాగాలేదు."

"చూపించకపోతే బాగవదు."

గోవర్ధన్ టోపీ బిగించాడు. కళ్ళెదుట తెరల మీద వాన మొదలైంది. జలాశయం, గేట్లు, ఎర్రగీత. గీత నిలువుగా లేవగానే పక్క తెర మీద ఒక అల పాము పడగలా లేచింది. గదిలో కదిలే గేట్లు లేవు కాబట్టి ఏమీ జరగలేదు.

"అదే" అన్నాడు గోవర్ధన్. "ఎత్తాలన్న తీర్మానం అదే."

హైమావతి తెరను కళ్ళప్పగించి చూసింది. పడగ తరవాత గీత నున్నగా సాగిపోయింది.

"దీని తరవాత ఏమీ లేదేం?"

"ఏముండాలి?"

"నాకు సన్యాసి గుర్తొచ్చాడు. ఆ రోజూ వచ్చాడు, ఇప్పుడూ వచ్చాడు. గుండె ఆగినంత పనైంది. అది ఏదీ? మీ గీతలో లేదేం?"

గోవర్ధన్ నున్నగా సాగిన గీత మీద వేలు పెట్టాడు.

"అక్కడ వడపోత ఉంటుంది" అన్నాడు మెల్లగా. "మొదటి అల తరవాత వచ్చేదంతా గోల. మెదడులో చప్పుడు. అదుంటే గేట్లకు సంకేతం చెడిపోతుందని తీసేశాం."

"వడపోత తియ్యండి."

తీశాడు. మళ్ళీ వాన, మళ్ళీ ఎర్రగీత. పడగ లేచింది. దాని వెనక ఇందాక నున్నగా ఉన్న గీత ఈసారి ముళ్ళకంపలా గరుకుగా లేచింది. ఆ ముళ్ళలోంచి మెల్లగా ఇంకో అల పోగై, మొదటిదానికి ఎదురుగా కిందికి వంగింది. అది వంగుతున్నప్పుడే హైమావతి "సన్యాసీ" అని సన్నగా అరిచింది.

మరోసారి వేశారు. మళ్ళీ అదే చోట అదే అల. గోవర్ధన్ పాత పరీక్షల బొమ్మలు ఒక్కొక్కటే వడపోత లేకుండా తెరిచాడు. డాక్టర్లు, పైలట్లు, ఇంజనీర్లు. అందరిలోనూ ఉంది. మొదటి అల వెనకే, కాస్త ఎడంగా, ముళ్ళలోంచి పుట్టే రెండో అల.

"నేను మొదటి నుంచీ చూస్తూనే ఉన్నాను హైమా" అన్నాడు. "చెత్త అనుకున్నాను. ప్రతిసారీ నా చేత్తో కోసి పారేశాను."

"ఇది వస్తే మొదటిది ఆగిపోతుందా?"

"కొన్నిసార్లు ఆగుతుంది. చాలాసార్లు మొదటిదే నిలుస్తుంది. కానీ నిలిచేది అయితే, ఇది వచ్చి వెళ్ళాక నిలుస్తుంది. మనిషి చూసుకుని ఒప్పుకున్నాక. నేను కోసేసింది ఆ చూసుకోవడాన్నే."

హఠాత్తుగా లేచి ఇనప కుర్చీని రెండు చేతులా పైకెత్తాడు. ఎదురుగా ఏళ్ళ శ్రమ అంతా దాచిన యంత్రాలు. పక్క గదిలో తయారైన టోపీలు.

"గోవర్ధన్!" పెళ్ళయ్యాక ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "ఇది మీ తొలితలపా?"

కుర్చీ గాల్లోనే ఉండిపోయింది.

"పగలగొట్టాలనిపిస్తే పగలగొట్టండి. నేను అడ్డురాను. కానీ ఒక్క నిమిషం ఆగి పగలగొట్టండి."

అతను ఆగాడు. చేతులు బరువెక్కాక కుర్చీని కిందికి దించి, దాని మీదే కూర్చుని, తమ్ముడు పోయాక మొదటిసారి గట్టిగా ఏడ్చాడు. హైమావతి టోపీ తియ్యకుండానే అతని తలను ఒళ్ళోకి తీసుకుంది. తెర మీద ఆమె అలలు ఎగసిపడుతూనే ఉన్నాయి.

తరవాత వారాల్లో గోవర్ధన్ టోపీకి ఒక పట్టు పెట్టాడు. మొదటి అల లేవగానే గేట్లు కదలవు, సైరన్ మాత్రం మోగుతుంది. రెండో అల పుట్టి, పెరిగి, సద్దుమణిగేదాకా యంత్రం కాచుకుంటుంది. అప్పుడు ఏది నిలబడి ఉంటే అదే గేట్లకు వెళ్తుంది. దానికి ఆగుడు అని పేరు పెట్టుకున్నారు. విచారణ జరిపిన ఆ పై సంఘం ముందు పెడితే వాళ్ళు నవ్వలేదు కానీ నవ్వినంత పని చేశారు. "వేగం కోసం కొన్నాం. ఇప్పుడు ఆగమంటారా?" అన్నారు. పాతదే అన్నిచోట్లా పెట్టాలన్నారు.

బయటికి వచ్చాక ధర్మలింగం వరండాలో గొంతు తగ్గించి, "మా తేనెగెడ్డలో నువ్వేం పెట్టావో నేను చూడలేదయ్యా" అని వెళ్ళిపోయాడు.

టోపీ హైమావతి మెదడుకే అలవాటు పడి ఉంది. ఇంకొకరికి అమర్చాలంటే ఒక వానకారు గడిచిపోతుంది. ఆమె ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోనని ఏడ్చింది. చివరికి కూర్చుంది. కింద గుమ్మడివలస ఉంది కాబట్టి కూర్చుంది.

దీపావళి వెళ్ళాక తుపాను పట్టింది. మధ్యాహ్నానికే ఆకాశం నల్లగా మూసుకుపోయింది. కొండల నుంచి చెట్లు వేళ్ళతో సహా కొట్టుకొస్తున్నాయి. గుమ్మడివలసనూ పక్క పల్లెలనూ ఖాళీ చేయించమని హైమావతి ముందే కబురు పెట్టింది. జనం మెట్టమీదికి చేరాలంటే దారి ఒక్కటే, గెడ్డకు అడ్డంగా తక్కువ ఎత్తులో కట్టిన రోడ్డు, కాజ్‌వే.

కంట్రోల్ రూములో ముగ్గురే ఉన్నారు. హైమావతి, గోవర్ధన్, ధర్మలింగం. కట్ట మీద కూలీలు ఇసుక బస్తాలు వేస్తున్నారు. ధర్మలింగం ఫోను పట్టుకుని లోపలికి వచ్చాడు.

"కట్ట అడుగున ఊట మొదలైంది. తేటనీరు కాదు, బురదనీరు. కట్ట లోపల కోసుకుపోతోంది."

హైమావతి ఎర్రగీత చూసింది. పక్క తెర మీద పడగ లేచింది. సైరన్ మోగింది. గేట్లు కదల్లేదు.

ఆమె నూకాలుకు ఫోను కలిపింది.

"ఎక్కడున్నావు?"

"కాజ్‌వే మీద అప్పా. బస్సు ఆగిపోనాది. అందరం దిగిపోయి తాడట్టుకుని నడస్తన్నాం. నీల్లు మోకాల్లు దాటీసినాయి. పిల్ల నా బుజం మీదుంది."

"ఎంతమంది?"

"ఊరు ఊరంతా ఇక్కడే ఉంది అప్పా. ముసిలోల్లు నడవలేకపోతన్నారు."

ధర్మలింగం విన్నాడు. అయినా అరిచాడు. "కట్ట తెగితే కాజ్‌వే ఏమిటమ్మా, కింద మండలాలకు మండలాలే పోతాయి! వాళ్ళూ పోతారు! మనసు గట్టి చేసుకో. ఎత్తెయ్యి!"

అతను చెప్పింది నిజం. ఆమె తల కూడా అదే చెబుతోంది. ఎత్తు, ఎత్తు, ఎత్తు. తెర మీద పడగ విప్పిన అల అలాగే నిలబడి ఊగుతోంది. ఒక్కసారి ఆమె అవునని లొంగిపోతే చాలు. ఎంత సుఖంగా ఉంటుందో అనిపించింది. ఏదో ఒకటి అయిపోతుంది. ఈ నిలబడడం తప్పుతుంది.

"కాస్త ఉండండి" అంది.

"ఉండడానికి టైమేదీ?"

"ఉండండి సార్!"

కళ్ళు మూసుకుంది. ముళ్ళలో నడిచినట్టుంది. సన్యాసి భుజానికి తాడు. నూకాలు భుజాన పిల్ల. బురద ఊట. ఎత్తితే వీళ్ళు, ఎత్తకపోతే అందరూ. మళ్ళీ మళ్ళీ ఆ రెండు గోడల మధ్యే తల కొట్టుకుంది. గోవర్ధన్ పక్కన నిలబడి తెరనే చూస్తున్నాడు. రెండో అల వంగలేదు, పడిపోలేదు. ఎటూ తేలక వణుకుతోంది.

అప్పుడు ఆ వణుకులోంచి, ఎవరూ అడగని ఒక సంగతి ఆమె తలలోకి వచ్చింది. నీళ్ళు గేట్ల గుండానే పోవాలని ఏముంది?

"ఎడమ కాలువ తూము పూర్తిగా ఎత్తించండి" అంది కళ్ళు తెరిచి. "కాలువ మొదటి వంపులో గట్టుకు గండి కొట్టాలి. నీళ్ళు పొలాల మీదుగా అవతలి వాగులో పడతాయి. కాజ్‌వేకి రావు."

"కాలువ ఎంత తీసుకుంటుంది? సముద్రంలో కాకిరెట్ట!"

"మట్టం తగ్గక్కర్లేదు సార్. పెరగడం నెమ్మదిస్తే చాలు. వాళ్ళు దాటేదాకా."

"ఆ పొలాలన్నీ పొట్ట మీదున్నాయి. గింజ చేతికి రాదు. ఇసుక మేటలు వేస్తే భూములే పోతాయి" అన్నాడు ధర్మలింగం.

ఆ వంపు కింద మొదటి పొలం చెక్క సన్యాసిది. నూకాలుకూ పిల్లకూ మిగిలింది అదొక్కటే. గోవర్ధన్‌కీ తెలుసు. అతను భార్య కళ్ళలోకి చూశాడు. తరవాత గొడుగైనా తీసుకోకుండా బయటికి పరుగెత్తాడు. కట్ట దగ్గర ఉన్న, మట్టి తవ్వే పొక్లెయిన్‌ను తీసుకుని కాలువ గట్టు వైపు వెళ్ళాడు.

ధర్మలింగం ఫోను చేసి తూము ఎత్తించాడు. పచ్చటి చేలోకి నీళ్ళు పడడం తెర మీద కనిపించింది. మట్టం తగ్గలేదు. పెరగడం నెమ్మదించింది. హైమావతి మళ్ళీ నూకాలుకు ఫోను చేసింది. కలవలేదు. ఇంకోసారి చేసింది. కలవలేదు.

కట్ట మీంచి కేకలు వినిపించాయి. ఒక చోట మట్టి జారి, బస్తాలు మోస్తున్న మనిషి ఒకడు దాని కింద పడ్డాడు. మిగతావాళ్ళు చేతులతో తవ్వుతున్నారు. ధర్మలింగం ఇక అరవడం లేదు. బల్ల అంచు పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుంటున్నాడో ఆమెను తిట్టుకుంటున్నాడో పెదవులు కదుపుతున్నాడు.

ఎత్తు అంది తల. ఇంకో ఊపిరి అంది ఇంకేదో. కాజ్‌వే మీద ఎవరైనా ఉన్నారా, దాటేశారా, అసలు కొట్టుకుపోయారా, తెలిసే దారి లేదు. ఈ ఆగడం వల్ల కట్ట తెగితే ఆ పాపం ఎవరిదో ఈసారి ఎవరూ అడగక్కర్లేదు. తనదే. ఆ సంగతి తెలిసీ ఆమె ఇంకాస్త ఆగింది.

తెలియని నంబరు నుంచి ఫోను మోగింది.

"అప్పా..." నూకాలు రొప్పుతోంది. "నా ఫోను నీల్లల్లో పడిపోనాది. అందరం దాటీసినాం. ఇంకెవులూ లేరు. నాను లెక్క సూసీసినాను. ఎత్తీ అప్పా. ఎత్తీ."

తెర మీద రెండో అల ఒక్కసారి పొంగి, చల్లగా కిందికి దిగిపోయింది. మొదటిది నిలబడే ఉంది. ఐదు గేట్లూ లేచాయి. ఈసారి అవి లేస్తున్నప్పుడు హైమావతి అక్కడే ఉంది. తన గొంతుతో తనే "ఎత్తుతున్నాను" అంది.

కాజ్‌వే కనబడకుండా పోయింది. కట్ట మాత్రం నిలబడింది.

మట్టి కింద పడిన మనిషి పేరు పోలయ్య. ప్రాణంతో తీశారు కానీ రెండు కాళ్ళూ మోకాళ్ళ కిందికి తీసెయ్యవలసి వచ్చింది. హైమావతి ఆసుపత్రికి వెళ్ళి, అతని మంచం పక్కన నిలబడి, గేట్లు ఆలస్యం చేసింది తనేనని చెప్పింది. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె మర్నాడు కూడా వెళ్ళింది. ఆలస్యానికి కారణం అడుగుతూ పై సంఘం మళ్ళీ వస్తోందని ధర్మలింగం చెప్పాడు. ఈసారి "నువ్వు ఏమీ చెయ్యలేదు" అని ఎవరూ రాయరు.

నీళ్ళు తీశాక ఆమె గుమ్మడివలస పొలాల్లోకి నడిచింది. సన్యాసి చెక్క ఎక్కడుందో గట్టు చూసి గుర్తుపట్టాలి. మోకాలెత్తున ఇసుక. అందులోంచి అక్కడక్కడ పొట్టతో ఉన్న వరి కంకులు బయటికి చూస్తున్నాయి. నూకాలు ఒక కంకి పీకి నలిపి చూస్తోంది. పాలు తప్ప గింజ లేదు.

హైమావతి దగ్గరికి వెళ్ళి నిలబడింది. కాళ్ళ మీద పడదామనిపించింది. పడలేదు.

"నీ భూమి అని తెలిసే గండి కొట్టించాను నూకాలూ."

"తెలుసు. బావ సెప్పినాడు." నూకాలు చేతులు దులుపుకుంది. "ఆరోజు మావందరం ఉన్నామనేనా అప్పా ఆగినావు?"

"లేదు. మొదట ఎత్తెయ్యాలనే అనిపించింది. తరవాతే ఆగాను."

గట్టు మీద పిల్ల ఇసుకలో చేతులు దూర్చి ఆడుకుంటోంది.

"మరి మా ఆయన పోయినప్పుడు, ఆ టోపీ ఆగనిచ్చుంటే, నివ్వు ఆగుందువా?"

ఆగేదాన్నే అని చెప్పాలని హైమావతికి ప్రాణం కొట్టుకుంది. ఆ ఒక్కమాట చెబితే నూకాలుకు ఊరట, తనకూ ఊరట. నాలుక చివరిదాకా వచ్చింది. గోవర్ధన్ అయితే గీతలు చూపించి ఏదో ఒకటి చెప్పేవాడు. ఆ గీతల్లో కూడా రెండో అల గెలిచేదని రాసి లేదు.

"తెలీదు నూకాలూ" అంది. "ఆగనిస్తే తెలిసేది."

నూకాలు ఆమె ముఖంలోకి చూసింది. ఆ చూపులో క్షమ ఉందో లేదో హైమావతి వెతకలేదు. తరవాత నూకాలు వెళ్ళి పిల్లను ఎత్తుకుని, దాని కాళ్ళకు అంటిన ఇసుక కొంగుతో తుడిచింది.

"బడి కాడ బియ్యం ఇస్తన్నారంట" అంది. "పిల్లనెత్తుకుని సంచి మొయ్యలేను. నడు, దీన్ని నివ్వట్టుకో."

హైమావతి చేతులు చాచింది. పిల్ల కొత్త మనిషిని చూసినట్టు ఒక క్షణం ఆమెను చూసి, అప్పుడు ఆమె మీదికి వంగింది.